పిల్లలు రాశారు... అచ్చు కానివ్వండి!

బడి గురించి బడిపిల్లలే వార్త రాస్తే ఏమవుతుంది? అమెరికాలో ఒకచోట ప్రిన్సిపాల్ నియామకం ఆగింది. ఇంకోచోట గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మరోచోట పదిహేడు మంది ఆత్మీయులకు పిల్లలే నివాళి రాశారు. ఆ పత్రికలు నిలిచినచోట వాటి వెనక నిలబడిన పెద్దలున్నారు. ఆగిపోయినచోట అలాంటి పెద్దలు లేరు.

బడికి కొత్త ప్రిన్సిపాల్ వస్తున్నారంటే బడిపత్రికలో ఏం రాస్తారు? ఓ ఫొటో, నాలుగు పలకరింపు మాటలు, పైన ‘స్వాగతం’ అని శీర్షిక. 2017 మార్చిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్ హైస్కూల్ పిల్లలు రాద్దామనుకున్నదీ అంతే. కాన్సస్ రాష్ట్రం ఆగ్నేయ మూలన ఇరవై వేల జనాభా ఉన్న ఊరది. పత్రిక పేరు ‘బూస్టర్ రిడక్స్’.

పరిచయం రాయాలంటే ఆవిడ ఎక్కడ చదివారో తెలియాలి కదా! మాస్టర్స్ డిగ్రీ, డాక్టరేట్ కార్లిన్స్ యూనివర్సిటీలో చేశానని ఆవిడ చెప్పారు. పిల్లలు ఆ పేరు ఇంటర్నెట్‌లో వెతికారు. వెబ్‌సైట్ తెరుచుకోలేదు. దానికి గుర్తింపు ఉన్నట్టు ఎక్కడా ఆధారం దొరకలేదు. డబ్బు కడితే పట్టా చేతికిచ్చే దుకాణమంటూ వచ్చిన కథనాలు మాత్రం దొరికాయి.

ఇక్కడిదాకా ఎవరైనా వస్తారు. ఈ మాత్రం దొరికితే ఇవాళ వాట్సాప్ గ్రూపులో పెట్టేసి చేతులు దులుపుకుంటాం. ఆ పిల్లలు అలా చేయలేదు. ఆవిడకే ఫోన్ చేసి మాట్లాడారు. ఏ సంవత్సరంలో చదివారు, ఎక్కడ ఉండి చదివారు అని అడిగారు. జవాబులు ఒకదానితో ఒకటి పొసగలేదు. విద్యాశాఖను అడిగారు, కాగితాలు వెతికారు, రాసింది మళ్లీ మళ్లీ సరిచూసుకున్నారు. మార్చి 31న వార్త వచ్చింది. ఏప్రిల్ 4న ఆవిడ రాజీనామా చేశారు. బడి బోర్డు సభ్యులు ఆమోదించేసిన నియామకంలో పెద్దల కంటికి ఆననిది, ఆ వార్త రాసిన ఆరుగురు పిల్లల కంటికి ఆనింది.

ఈ కథ ప్రపంచమంతా తిరిగింది. అందరూ పిల్లల ధైర్యాన్ని మెచ్చుకున్నారు. మెచ్చుకోవాల్సిందే. అయితే ఆ పిల్లల వెనక ఏముందో కూడా చూడాలి.

పత్రిక బాధ్యత చూసే టీచర్‌ను అక్కడ అడ్వైజర్ అంటారు. కొత్త ప్రిన్సిపాల్‌ను ఎంపిక చేసిన కమిటీలో ఆ అడ్వైజర్ కూడా ఉన్నారు. తన చేయి ఉన్న విషయం మీద వార్త వస్తుంటే తాను దిద్దకూడదని ఆవిడ పక్కకు తప్పుకొన్నారు. తప్పుకొని ఊరుకోలేదు. రాష్ట్ర విద్యార్థి పత్రికల సంఘం నుంచి అనుభవజ్ఞుడి సాయం పిల్లలకు అందేలా చూశారు. బడుల పాలనాధికారి వార్తను అడ్డుకోలేదు. వీటన్నిటికీ అడుగున ఒక చట్టం ఉంది. పత్రికలో ఏం రావాలో నిర్ణయించే హక్కు విద్యార్థి సంపాదకులదేనని, విషయం వివాదాస్పదమన్న ఒక్క కారణంతో బడి యాజమాన్యం దాన్ని ఆపకూడదని కాన్సస్ 1992లోనే చట్టం చేసుకుంది. తన బాధ్యత తెలిసిన టీచర్, చేయందించే సంఘం, కాపుకాసే చట్టం... ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ వార్త ఏ కంప్యూటర్‌లోనో ఉండిపోయేది.

పిల్లల చేత రాయించడం సులువు. రాసింది అచ్చు కానివ్వడమే కష్టం. విద్యార్థి పత్రికలకు అండగా ఉండటమంటే ఆ కష్టమైన పని చేయడమే.

రెండు పేజీలు మాయం

కాన్సస్ పక్కనే మిస్సోరి. సెయింట్ లూయిస్ నగర శివార్లలో హేజిల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్. 1983 మేలో ఆ బడి జర్నలిజం క్లాసు పిల్లలు తమ ‘స్పెక్ట్రమ్’ పత్రికకు రెండు కథనాలు సిద్ధం చేశారు. ఒకటి చదువుకునే వయసులోనే తల్లులవుతున్న అమ్మాయిల గురించి. రెండోది తల్లిదండ్రులు విడిపోతే పిల్లలు పడే బాధ గురించి. రెండూ ఆ బడి గోడల మధ్య రోజూ కనిపిస్తున్న బతుకులే.

అచ్చుకు వెళ్లే ముందు ప్రిన్సిపాల్ పేజీలు చూశారు. ఆయనకు రెండు అభ్యంతరాలు తోచాయి. అమ్మాయిల పేర్లు మార్చినా ఎవరో ఇట్టే పోల్చుకుంటారేమో అన్నది ఒకటి. తండ్రి మీద కూతురు చెప్పిన మాట రాశారు, ఆ తండ్రి వివరణ తీసుకోలేదన్నది రెండోది. వెంటనే ఆ కథనాలున్న రెండు పేజీలు తీసేయించారు. వాటిలో ఉన్న మిగతా రాతలూ వాటితోపాటే పోయాయి. అచ్చయిన పత్రిక చేతికి వచ్చాకే పిల్లలకు సంగతి తెలిసింది.

ముగ్గురు అమ్మాయిలు కోర్టుకెక్కారు. 1988 జనవరి 13న సుప్రీంకోర్టు 5-3 మెజారిటీతో బడి పక్షానే తీర్పు చెప్పింది. చదువుకు సంబంధించిన సహేతుకమైన కారణం ఉంటే, బడి నడిపే పత్రికను యాజమాన్యం అదుపు చేయవచ్చని దాని సారాంశం. అంతకు పందొమ్మిదేళ్ల ముందు, 1969లో ఇదే కోర్టు మరోలా చెప్పింది. వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్ల పట్టీలు కట్టుకుని బడికి వచ్చిన పిల్లల కేసులో, భావ ప్రకటన హక్కు బడి గేటు దగ్గర ఆగిపోదని తేల్చింది. హేజిల్‌వుడ్ తీర్పుతో ఆ గేటు సగం మూసుకుంది.

ఆ ప్రిన్సిపాల్ అభ్యంతరాలను మరోసారి చూడండి. రెండూ పనికిరానివేమీ కావు. నిజానికి మంచి సంపాదకుడు అడిగే ప్రశ్నలే అవి. ‘ఈ అమ్మాయి ఎవరో తెలిసిపోతుందేమో, ఈ వివరం మార్చు.’ ‘తండ్రికి ఫోన్ చేశావా? ఆయన మాట కూడా రాయి.’ పిల్లలను కూర్చోబెట్టుకుని గంటసేపు మాట్లాడితే తీరే సంగతి. ఆ గంట గడిపి ఉంటే వాళ్లు జీవితాంతం పనికొచ్చే రెండు పాఠాలు నేర్చుకునేవారు. పేజీలు తీసేస్తే నేర్చుకున్నది ఒక్కటే: పెద్దవాళ్లకు నచ్చనిది రాయకూడదు. ఆ గంట గడపగలిగేది అడ్వైజరే. అప్పటిదాకా క్లాసు చూసిన టీచర్ సరిగ్గా ఆ సంచిక తయారవుతున్న రోజుల్లోనే ఉద్యోగం మానేసి వెళ్లారు.

ఇది పాతకథ అనుకోవద్దు. 2022లో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఓ హైస్కూల్‌లో స్వలింగ సంపర్కుల హక్కుల మీద విద్యార్థులు ప్రత్యేక సంచిక తెచ్చారు. అది వెలువడగానే 54 ఏళ్లుగా నడుస్తున్న ‘వైకింగ్ సాగా’ పత్రికను ఆపేశారు.

హేజిల్‌వుడ్ తీర్పు తర్వాత రాష్ట్రాలు ఒక్కొక్కటిగా కదిలాయి. కాలిఫోర్నియాలో 1977 నుంచే విద్యార్థి పత్రికలను కాపాడే చట్టం ఉంది. మసాచుసెట్స్, అయోవా, కొలరాడో, కాన్సస్ వరుసగా దారి పట్టాయి. 2015లో నార్త్ డకోటా చేసిన చట్టం ‘న్యూ వాయిసెస్’ పేరుతో ఉద్యమంగా మారింది. ఇప్పుడు పదిహేనుకు పైగా రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలున్నాయి. పరువునష్టం కలిగించే రాతలకు, హింసను రెచ్చగొట్టే రాతలకు ఇవేవీ రక్షణ ఇవ్వవు. వార్త నచ్చలేదన్న కారణాన్ని మాత్రం ఒప్పుకోవు.

పక్కన కూర్చునే టీచర్

చట్టం ఎంత గట్టిదైనా క్లాసులోకి వచ్చి కూర్చోదు. కూర్చునేది టీచరే.

కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో హైస్కూల్‌లో 1984లో ఎస్తర్ వొజిస్కీ జర్నలిజం క్లాసు చేపట్టినప్పుడు ఇరవై మంది పిల్లలున్నారు. తర్వాతి దశాబ్దాల్లో ఆ సంఖ్య ఆరు వందలకు చేరింది. ‘క్యాంపనీల్’ వార్తాపత్రిక, ‘వెర్డే’ మ్యాగజైన్, ఆటల కోసం ‘వైకింగ్’... ఇలా ఒక్క బడి నుంచే పలు పత్రికలు పుట్టాయి. 2014లో ఈ పిల్లల కోసమే ఓ మీడియా భవనం కట్టారు. కొత్తగా కంప్యూటర్లు వచ్చిన రోజుల్లో వాటిని ఎలా వాడాలో వొజిస్కీకి తెలియదు. దాచుకోకుండా పిల్లలనే అడిగి, వాళ్లతో కలిసి నేర్చుకున్నారు. టీచర్‌కే తెలియనిది తాము తెలుసుకుని చెప్పవచ్చని పిల్లలకు అర్థమైంది. విలేకరి పని మొదలయ్యేది అక్కడే.

అడ్వైజర్ పని కత్తి మీద సాము. పత్రిక పిల్లలది, జీతమిచ్చేది బడి. పిల్లలు రాసిన వార్త యాజమాన్యానికి గుచ్చుకుంటే పిల్లల జోలికి వెళ్లడం కష్టం. టీచర్‌ను బదిలీ చేయడం తేలిక, పత్రిక బాధ్యత తప్పించడం ఇంకా తేలిక. అందుకే విద్యార్థుల రాతను ఆపడానికి ఒప్పుకోలేదన్న కారణంతో అడ్వైజర్ మీద వేటు వేయకూడదని కాన్సస్ చట్టంలోనే రాసుకున్నారు. కాలిఫోర్నియా కూడా 2008లో తన చట్టానికి ఇదే రక్షణను జోడించింది. పిల్లల స్వేచ్ఛను కాపాడాలంటే ముందు టీచర్ ఉద్యోగాన్ని కాపాడాలి.

పదిహేడు నివాళులు

బడిలో జర్నలిజం క్లాసు ఎందుకు ఉండాలో చెప్పమంటే నేను పార్క్‌లాండ్ పిల్లల పేరే చెబుతాను.

ఫ్లోరిడా రాష్ట్రం పార్క్‌లాండ్‌లోని మార్జరీ స్టోన్‌మన్ డగ్లస్ హైస్కూల్. ఆ పేరే ఒక పత్రికా రచయిత్రిది. ‘మయామీ హెరాల్డ్’లో పనిచేసి, ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల కోసం జీవితాంతం పోరాడిన మనిషి ఆవిడ. 2018 ఫిబ్రవరి 14న ఆ బడిలో ఓ యువకుడు కాల్పులు జరిపాడు. విద్యార్థులు, సిబ్బంది కలిపి 17 మంది ప్రాణాలు కోల్పోయారు. బడిపత్రిక ‘ఈగిల్ ఐ’ అడ్వైజర్ 19 మంది పిల్లలను తన క్లాసుగదిలోని అరలోకి చేర్చి, పోలీసులు వచ్చేదాకా వాళ్లను కాచుకుని కూర్చున్నారు.

దేశం నలుమూలల నుంచీ విలేకరులు ఆ బడి ముందు వాలిపోయారు. వాళ్ల పని వాళ్లు చేశారు. ‘ఈగిల్ ఐ’ పిల్లల పని వేరు. చనిపోయినవాళ్లు వాళ్లకు పక్క బెంచీ స్నేహితులు, బడిలో రోజూ చూసే సిబ్బంది. పదిహేడు మంది మీద పదిహేడు నివాళులు రాశారు. ఒక్కొక్కరి ఇంటివాళ్లనూ స్నేహితులనూ కలిశారు. ఏం ఇష్టపడేవారో, ఎలా నవ్వేవారో అడిగి తెలుసుకున్నారు. కన్నీళ్లు ఆగని చోట కూడా పేర్లలో అక్షరం తప్పు పోకుండా చూసుకోవాల్సిన పని అది.

2019 ఏప్రిల్‌లో కొలంబియా యూనివర్సిటీలో పులిట్జర్ బహుమతులు ప్రకటించారు. ఈ ఘటన మీద చేసిన కృషికి దక్షిణ ఫ్లోరిడా దినపత్రిక ‘సన్ సెంటినెల్’కు బహుమతి దక్కింది. ఆ ప్రకటనకు ముందు పులిట్జర్ నిర్వాహకురాలు డేనా కెనడీ మొట్టమొదట తలచుకున్నది ఈ పిల్లలను, వాళ్లు రాసి పంపిన నివాళులను. బహుమతి కోసం కాదు, అలాంటి రోజున ఏం చేయాలో తెలిసిన పిల్లలున్నారని చెప్పడానికి. అలా తెలిసి ఉండటం ఒక్క రోజులో వచ్చేది కాదు. అంతకు ముందు ఏడాది పొడవునా ఫుట్‌బాల్ మ్యాచుల గురించీ క్యాంటీన్ తిండి గురించీ రాసి, దిద్దించుకుని, మళ్లీ రాస్తే వచ్చింది.

అండ అంటే ఏమిటి?

ఇదంతా దానంతట అది నడుస్తున్నది కాదు. వందేళ్లుగా ఒక్కో ఇటుకా పేర్చుకుంటూ వచ్చారు. విద్యార్థి పత్రికల జాతీయ సంఘం 1921లో మొదలైంది. 1926లో జార్జ్ గాలప్ అయోవా విశ్వవిద్యాలయంలో హైస్కూల్ విలేకరుల కోసం ‘క్విల్ అండ్ స్క్రోల్’ సంస్థను స్థాపించారు. ఎన్నికల సర్వేలతో తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న గాలప్ ఆయనే. 1974లో పుట్టిన స్టూడెంట్ ప్రెస్ లా సెంటర్, పేజీ ఆపేశారని ఏ విద్యార్థి ఫోన్ చేసినా ఫీజు లేకుండా న్యాయ సలహా ఇస్తుంది. అచ్చు ఖర్చులో కొంత ఊళ్లోని పిజ్జా దుకాణం, దంత వైద్యుడు ఇచ్చే ప్రకటనలతోనే గడుస్తుంది.

ఈ అండ అందరికీ సమానంగా అందడం లేదు. న్యూయార్క్ నగరంలో దాదాపు నాలుగింట మూడు వంతుల ప్రభుత్వ హైస్కూళ్లకు పత్రికే లేదని 2022లో బరూక్ కళాశాల అధ్యయనం తేల్చింది. పేదపిల్లలు చదివే బడుల్లో పరిస్థితి మరీ ఘోరం. ఏ వీధిలో వార్తలు ఎక్కువో ఆ వీధి పిల్లలకే రాసే చోటు లేదు! ఈ లోటు పూడ్చడానికి అక్కడ ముప్పై హైస్కూళ్లలో జర్నలిజం కోర్సు మొదలుపెట్టారు. ఇది పిల్లలకు చేస్తున్న ఉపకారం మాత్రమే కాదు. 2005 నుంచి అమెరికాలో మూడో వంతుకు పైగా వార్తాపత్రికలు మూతపడ్డాయి. బడి బోర్డు సమావేశానికి వెళ్లే విలేకరి లేని ఊళ్లలో ఆ కుర్చీలో కూర్చుంటున్నది కొన్నిచోట్ల బడిపిల్లలే.

మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే డాలస్ పక్కనే కాపెల్ హైస్కూల్ ఉంది. అక్కడి విద్యార్థి పత్రిక ‘సైడ్‌కిక్’లో బైలైన్లు చూడండి, భారతీయ పేర్లు తరచూ కనిపిస్తాయి. మనింటి పిల్లలు రాయలేరన్నది అబద్ధం. చోటు దొరికితే రాస్తారు.

మన గోడల మీద

1874లో ‘వివేకవర్ధని’ పెట్టి లంచగొండుల గుండెల్లో నిద్రపోయిన కందుకూరి వీరేశలింగం బడిపంతులే. బడికీ పత్రికకూ మన దగ్గర చుట్టరికం కొత్తది కాదు. ఢిల్లీలో వీధిపిల్లలు 2003 నుంచి ‘బాలక్‌నామా’ అనే పత్రిక నడుపుతున్నారు. అందులో రాయడం రాని పిల్లలూ విలేకరులే. వాళ్లను ‘బాతూనీ రిపోర్టర్లు’ అంటారు. వాళ్లు వార్త చెబుతారు, రాయడం వచ్చిన పిల్లలు రాస్తారు. తలదాచుకునే చూరు లేని పిల్లలకు సాధ్యమైంది, పైకప్పు ఉన్న హైస్కూల్‌కు సాధ్యం కాదా?

అటల్ టింకరింగ్ ల్యాబ్ పేరుతో కేంద్రం ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తోంది. పిల్లలు యంత్రాలు విప్పి చూడాలి, మంచిదే. తమ ఊరిని, తమ బడిని విప్పి చూడటానికి ఏమిస్తున్నాం? గోడపత్రిక కోసం ఏడాదికో డ్రాయింగ్ షీటు. అందులో సూక్తులు, పొడుపు కథలు, పండగ వ్యాసం. ఒక్క వార్త ఉండదు.

వార్త వెతకడానికి ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. మధ్యాహ్న భోజనంలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఒక్కొక్కరికి రోజుకు 150 గ్రాముల బియ్యం అన్నది లెక్క. 120 మంది వచ్చిన రోజు 18 కిలోలు వండాలి. హాజరుపట్టీ చూడటం, వంటమ్మ దగ్గర తూకం చూడటం, తేడా ఉంటే ఎందుకో ఇద్దరినీ అడగడం... లెక్కలు, సాంఘికం, తెలుగు మూడూ ఒక్క వార్తలో వచ్చేస్తాయి. తేడా లేకపోతే అదీ వార్తే. ‘మా బడిలో తూకం సరిగ్గా ఉంది’ అని రాసే హక్కు కూడా లెక్క చూసినవాళ్లకే ఉంటుంది.

మొదలుపెట్టాలంటే...

• ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి పది మంది జట్టు. పదో తరగతి వాళ్లను పరీక్షలకు వదిలేయండి.
• నెలకో సంచిక. గోడపత్రికైనా, రెండు పేజీల జిరాక్స్ అయినా చాలు. తేదీ మాత్రం తప్పకూడదు.
• ప్రతి వార్తకూ కనీసం ఇద్దరి మాట, వీలైతే ఒక కాగితం ఆధారం. ఎవరి మీదనైనా ఆరోపణ ఉంటే వారి వివరణ లేకుండా వార్త లేదు.
• లైంగిక వేధింపులకు గురైన పిల్లలు, కేసుల్లో చిక్కుకున్న పిల్లల పేరు, ఫొటో, ఆచూకీ తెలిపే ఏ వివరమూ వేయకూడదు. పోక్సో చట్టం 23వ సెక్షన్, జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ ఈ సంగతే చెబుతాయి. జట్టులో అందరికీ ఇది మొదటి పాఠం కావాలి.
• సమాచార హక్కు చట్టం 2005 దరఖాస్తు రాయడం నేర్పండి. పౌరులెవరైనా అడగవచ్చు. జవాబుకు గడువు 30 రోజులు.
• తప్పు దొర్లితే తర్వాతి సంచికలో అదే చోట సవరణ.
• ఊళ్లోని విలేకరిని నెలకో గంట బడికి పిలవండి. ఆయన రాసిపెట్టడానికి కాదు, ప్రశ్నలు వేయడానికి.
• హెడ్మాస్టర్‌గారు ముందే ఒక మాట ఇవ్వాలి: ‘తప్పుంటే చెబుతాను, నచ్చలేదని చింపను.’

తాళం చెవి ఎవరి దగ్గరుంది?

నేను జిల్లా పరిషత్ హైస్కూల్‌లో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు ఐదుగురం ఆడపిల్లలం కలిసి లిఖిత పత్రిక పెట్టాం. డ్రాయింగ్ షీటు, రెండు రంగుల స్కెచ్ పెన్నులు. రెండో సంచికలో పెద్ద అక్షరాలతో రాశాం, ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళం వేసి ఉంచారని, మా మీద ఎవరికీ పట్టింపు లేదని. ఉదయం ప్రార్థన అయ్యాక నోటీసు బోర్డుకు అంటించాం. ఇంటర్వెల్ గంట కొట్టేసరికి నాలుగు మూలలా మైదా జిగురు మరకలే మిగిలాయి.

సాయంత్రం తెలుగు మాస్టారు పిలిచారు. తిడతారనుకున్నాం. ‘‘తాళం చెవి ఎవరి దగ్గరుందో అడిగారామ్మా?’’ అన్నారు. అడగలేదు. ‘‘వెళ్లి అడిగి రండి. అప్పుడు రాద్దురుగాని.’’

అటెండర్‌ను అడిగాం. మోటారు కాలిపోయి మూడు నెలలైందని, నీళ్లు లేక తాళం వేశారని చెప్పాడు. మోటారు ఎవరు బాగుచేయించాలని అడిగితే హెడ్మాస్టర్‌గారి గది చూపించాడు. కాళ్లు వణుకుతుండగా లోపలికి వెళ్లాం. మాస్టారు మా వెనకే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఒక్క మాట మాట్లాడలేదు. హెడ్మాస్టర్‌గారు కాసేపు మమ్మల్నీ, ఆయననూ చూసి, పంచాయతీకి రాసిన ఉత్తరం నకలు తీసి బల్ల మీద పెట్టారు. తేదీ రాసుకున్నాం.

మూడో సంచికలో ‘మోటారు కాలిపోయి మూడు నెలలు’ అని రాశాం. ఉత్తరం తేదీ వేశాం. పట్టింపు లేదన్న మాట తీసేశాం. అది నిజం కాదని అప్పటికి మాకే తెలిసింది. మోటారు బాగుపడటానికి మరో నెల పట్టింది. అది ఉత్తరం వల్లనో, మా వార్త వల్లనో నేను చెప్పలేను.

తర్వాత ఇన్నేళ్లుగా ఈ వృత్తిలో ఎందరో సంపాదకుల దగ్గర పనిచేశాను. మాస్టారు వేసిన ప్రశ్నను మించింది ఎవరూ నేర్పలేదు. ఆ రోజు తలుపు దగ్గర ఆయన నిలబడినట్టు ప్రతి బడిలో ఒక్కరు నిలబడితే చాలు.

ఆ షీటు వారం రోజులు బోర్డు మీదే ఉంది. ఓ సాయంత్రం జల్లు కొట్టి తడిసింది, ఎర్ర అక్షరాలు కిందికి కారాయి. ఎవరూ చింపలేదు.